గాలిలో నవాసాగరం

ఓ రాగి తీగ, స్పిరిట్ దీపం, వీధి మలుపులో చిరిగి వేలాడుతున్న ఫ్లెక్సీ నుంచి గోరంత ముక్క. ఇవి చాలు. తీగ కొసను మంటలో ఎర్రగా కాల్చి, వేడి మీదే ఫ్లెక్సీ ముక్కకు ఆనించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఒక్కసారిగా చిక్కటి ఆకుపచ్చకు తిరుగుతుంది. తీగను శుభ్రంగా కాల్చి, ఈసారి పాల ప్యాకెట్ ముక్కతో చేసి చూడండి. ఆ ఆకుపచ్చ రాదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన బైల్‌స్టైన్ అనే రసాయనవేత్త 1872లో చెప్పిన పరీక్ష ఇది. పదార్థంలో క్లోరిన్ గానీ, బ్రోమిన్ గానీ, అయోడిన్ గానీ ఉంటే అది రాగితో కలిసి ఆవిరై మంటకు ఆ రంగు ఇస్తుంది. బాపట్లలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా ఉన్నన్నాళ్లూ, ల్యాబ్ కిటికీలన్నీ తెరిపించి, సంవత్సరానికి ఒకసారి ఇది చేసి చూపించేవాణ్ని. ఆ పొగ మంచిది కాదు. మీకు సరదా పుడితే ఆరుబయట చేయండి, గాలికి ఎదురు నిలబడకండి.

ఫ్లెక్సీ అంటే దారాల అల్లిక మీద పూసిన పీవీసీ. పీవీసీ బరువులో సుమారు 57 శాతం క్లోరినే. ఉప్పునీళ్లలో కరెంటు పంపి క్లోరిన్‌ను విడదీసి, దాన్ని పెట్రోలియం సరుకుతో జోడించి ఈ ప్లాస్టిక్ చేస్తారు. మా బాపట్ల, చినగంజాం వైపు మడుల్లో పండే ఉప్పూ, మీ ఇంటి గోడలో దాగిన కరెంటు వైరు తొడుగూ ఆ లెక్కన దగ్గర చుట్టాలు. నీళ్ల పైపులు, రెక్సిన్ సీట్లు, చవక చెప్పులు, కిటికీ చట్రాలు చాలావరకు అదే. ఇక ఫ్లెక్సీ సంగతి చెప్పేదేముంది! బారసాలకో ఫ్లెక్సీ, ఓణీల ఫంక్షన్‌కో ఫ్లెక్సీ, ఎమ్మెల్యే గారి పుట్టినరోజుకో ఫ్లెక్సీ, ఆఖరికి శ్రద్ధాంజలికో ఫ్లెక్సీ. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించారు. దాని ఫలితం తెలుసుకోవడానికి మీ ఊరి సెంటర్లో ఓ నిమిషం నిలబడి తల పైకెత్తితే సరిపోతుంది.

పీవీసీకి వేడి తగలగానే మొదట వదిలేది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు. పూర్తిగా కాలేలోగానే, ఇంకా మెత్తబడి బుడగలు కడుతున్న దశలోనే, క్లోరిన్ ఈ రూపంలో బయటికి వచ్చేస్తుంది. మిగిలింది నల్లటి మసి, బెంజీన్, రాగి లాంటి లోహం తోడైతే డయాక్సిన్లు అనే విషాలు. రాగి కోసం పాత వైర్లను గుట్టపోసి తగలబెట్టే చోట మంట అంచులు ఆకుపచ్చగా మెరుస్తుంటాయి. అది బైల్‌స్టైన్ పరీక్షే, కాకపోతే టన్నుల లెక్కన. హైడ్రోజన్ క్లోరైడ్ నీళ్లలో కరిగితే బాత్‌రూమ్ కడిగే యాసిడ్. గాలిలో ఉంటే ఏమవుతుందన్నదే నా వ్యాసం.

ఏమవుతుందో పాతకాలం వాళ్లకు తెలుసు, ఆ పేరుతో కాకపోయినా. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే సాయిబు మా వీధిలో వేపచెట్టు కింద కొలిమి పెట్టేవాడు. తిత్తి ఊదుతూ గిన్నెను బాగా కాల్చి, చిటికెడు నవాసాగరం పొడి చల్లేవాడు. గుప్పుమని తెల్లటి పొగ లేచేది, ముక్కుపుటాలు మండేవి, పిల్లలం దగ్గుతూ వెనక్కి పరుగెత్తి మళ్లీ దగ్గరికొచ్చేవాళ్లం. ఆ పొగ సద్దుమణిగేలోగా ఆయన తగరపు ముక్క తాకించి దూదితో గిన్నె అంతా రుద్దేస్తే లోపల వెండిలా మెరిసేది. నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడికి అది అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అనే రెండు వాయువులుగా విడిపోతుంది. రెండోది ఇత్తడి మీది చిలుము తినేస్తుంది. మిగిలిన వాయువులు పైకి లేచి, చల్లగాలి తగలగానే మళ్లీ జత కట్టి కంటికి కనపడని సన్నటి పలుకులవుతాయి. కోట్లకొద్దీ పలుకులు ఒక్కచోట చేరి వెలుతురును చెదరగొడితే మనకు కనిపించేదే ఆ తెల్ల పొగ. వేడికి విడిపోవడం, చలికి కలవడం: ఈ ఒక్క గుణం గుర్తుంచుకోండి, ఢిల్లీ వెళ్దాం.

మా అమ్మాయి కాపురం ఢిల్లీ ద్వారకలో. చలికాలంలో అక్కడికి వెళితే నేను తెల్లవారుజామునే లేచి బాల్కనీలో నిలబడతాను, అలవాటు. ఎదురు బ్లాకు కనిపించదు. వీధి దీపం చుట్టూ పసుపు గుండ్రం ఒక్కటే తెలుస్తుంది. కింద గేటు దగ్గర వాచ్‌మెన్ ఇద్దరు చలి కాగుతుంటారు. మంటలోకి ఏం వెళుతోందని దిగి చూస్తే అట్టపెట్టెలు, ఎండుటాకులు, తెగిన చెప్పు, అడుగున్నర కేబుల్ ముక్క. వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆరు డిగ్రీల చలిలో రాత్రంతా కూర్చోబెట్టి, కాగడానికి కట్టెలు ఇవ్వని వాళ్లం మనమే. "నాన్నా, మాస్కు లేకుండా బయట నిలబడ్డావేంటి, లోపలికి రా" అని అమ్మాయి పిలిచేదాకా వాసన చూస్తూనే ఉంటాను. ఆ వాసనలో పుల్లటి ఘాటు ఒకటి ఉంటుంది. ల్యాబ్‌లో ఏళ్ల తరబడి యాసిడ్ సీసాల మూతలు తీసిన ముక్కు దాన్ని పోల్చుకుంటుంది.

ముక్కు సాక్ష్యం సైన్సులో చెల్లదు. చెల్లే సాక్ష్యం 2021 జనవరిలో నేచర్ జియోసైన్స్ పత్రికలో వచ్చింది. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ సచిన్ గుంథే నాయకత్వంలో, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ తదితరులతో కలిసి ఢిల్లీ గాలిలోని సూక్ష్మ ధూళిని పరిశీలించారు. ఆ ధూళిలో క్లోరైడ్ అసాధారణంగా ఎక్కువగా ఉంది. ఢిల్లీ నుంచి సముద్రం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. అక్కడిది సముద్రపు ఉప్పు కాదు. ప్లాస్టిక్ కలిసిన చెత్తను కాల్చడం, కొన్ని పరిశ్రమలు దానికి మూలం కావచ్చని వాళ్ల అంచనా. ధూళి కణాలు నీటిని పీల్చుకోవడంలోనూ, దాని వల్ల చూపు ఆనకపోవడంలోనూ దాదాపు సగం వాటా ఈ క్లోరైడ్‌దేనని తేల్చారు. సగం! చలికాలంలో రైళ్లు ఆలస్యమై, విమానాలు దారి మళ్లి, రోడ్ల మీద బళ్లు గుద్దుకుంటుంటే మనం మంచునూ, గడ్డి కాల్చే రైతునూ, డీజిల్ బళ్లనూ తిట్టుకుంటున్నాం. క్లోరిన్ పేరు ఎక్కడా వినపడదు.

జరిగేది ఇది. గంగా మైదానమంతా పాడి పశువులు, యూరియా చల్లిన పొలాలు. వాటి నుంచి వచ్చే అమ్మోనియా ప్రపంచంలోనే అత్యధికంగా పోగుపడే చోట్లలో ఆ మైదానం ఒకటని ఉపగ్రహాలు చూపిస్తున్నాయి. రాత్రి చలికి నేల దగ్గరి గాలి బరువెక్కి కదలకుండా పడుకుంటుంది, పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టు అడ్డుంటుంది. అందులోకి చెత్తకుప్పల హైడ్రోజన్ క్లోరైడ్ చేరితే జత కుదిరిపోతుంది. మా వేపచెట్టు కింద లేచిన తెల్ల పొగే, నగరమంతా. సూర్యుడెక్కి గాలి వేడెక్కితే పలుకులు మళ్లీ వాయువులైపోతాయి. అందుకే ఢిల్లీలో క్లోరైడ్ తెల్లవారుజామున పెరిగి మధ్యాహ్నానికి పడిపోతుంది. అసలు చిక్కు పలుకుతో కాదు, అది తాగే నీళ్లతో. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం అందరం చూశాం. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు కరగడం మొదలెడుతుంది. అమ్మోనియం క్లోరైడ్‌ది కూడా ఇంచుమించు అదే తీరు. తేమ నిండిన ఢిల్లీ రాత్రిలో ప్రతి కణమూ నీళ్లు పట్టి ఉబ్బుతుంది. ఉబ్బిన కణం వెలుతురును ఇంకా ఎక్కువ చెదరగొడుతుంది. తడిసిన ఒంటి మీద ఇంకొంత యాసిడ్, ఇంకొంత అమ్మోనియా వచ్చి కరుగుతాయి, ఇంకా ఉబ్బుతుంది.

నేరమంతా చెత్తదే అనడం కూడా సరికాదు. ఇనుప సామాను తుప్పు పోగొట్టడానికి యాసిడ్‌లో ముంచే చిన్న యూనిట్లు ఢిల్లీ చుట్టుపక్కల ఉన్నాయి. బొగ్గులో కొంత క్లోరిన్ ఉంటుంది. వరిగడ్డిలోనూ ఉంటుంది, మొక్క నేల నుంచి తీసుకున్నదే. వీటిలో ఎవరి వాటా ఎంతన్నది వాదన. కానీ మిగతావాటితో పోలిస్తే చెత్త మంటను ఆపడం తేలిక కదా అన్నది నా వాదన.

క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్‌ల కుటుంబాన్ని హాలోజన్లు అంటారు. ఆ పేరు వినగానే చదువుకున్నవాళ్లకు ఓజోన్ పొరకు చిల్లు గుర్తొస్తుంది. ఫ్రిజ్‌లలో వాడిన వాయువుల క్లోరిన్ పైపొరను తినేస్తుందని 1974లో మోలినా, రోలాండ్ చెప్పడం, 1985లో అంటార్కిటికాలో ఆ చిల్లు బయటపడడం, తర్వాత ప్రపంచమంతా కూడి ఒప్పందం చేసుకోవడం మన సిలబస్‌లో కూడా వచ్చేశాయి. అదంతా పదిహేను, ఇరవై కిలోమీటర్ల పైన. మన ముక్కు ఎత్తున ఉన్న గాలిలో హాలోజన్లు చేసే పని గురించి మాత్రం పుస్తకాల్లో పేరా కూడా ఉండదు. సోడియం క్లోరైడ్ స్థిరమైనది, చర్యాశీలత లేనిది అని రాయించి మార్కులు వేశాం. పొడిగా సీసాలో ఉన్నంతసేపు అది నిజమే. తడి కణం మీద, కాస్త యాసిడ్ సమక్షంలో, కాస్త వెలుతురు పడే చోట ఉంచితే అది ఊరుకోదు.

దీనికి అన్నింటికన్నా పెద్ద రుజువు మంచు దేశంలో దొరికింది. కెనడా ఉత్తర కొసన, ఎల్స్‌మియర్ దీవిలో అలర్ట్ అనే స్థావరం ఉంది. అక్కడ నెలల తరబడి రాత్రే. వసంతంలో సూర్యుడు తొంగిచూడగానే నేల దగ్గరి ఓజోన్, మామూలుగా వంద కోట్లలో 30 నుంచి 40 వంతులు ఉండేది, గంటల్లో దాదాపు సున్నాకు పడిపోవడం గమనించారు. అలాస్కాలోని బారోలోనూ అంతే. అక్కడ ఫ్యాక్టరీ లేదు, ట్రాఫిక్ లేదు, జనమే అంతంత మాత్రం. 1988లో లెనార్డ్ బ్యారీ బృందం నేచర్ పత్రికలో గుట్టు విప్పింది. గాలిని వడకట్టిన ఫిల్టర్ల మీద బ్రోమిన్ పెరిగినప్పుడల్లా ఓజోన్ తరుగుతోంది. ఇద్దరి రాకపోకలు కచ్చితంగా తలకిందులు.

బ్రోమిన్ ఎక్కడిది? సముద్రందే. కిలో సముద్రపు నీటిలో క్లోరైడ్ సుమారు 19 గ్రాములుంటే బ్రోమైడ్ 70 మిల్లీగ్రాములైనా ఉండదు. ఉప్పు మడుల్లో ఉప్పు తీసేశాక మిగిలే చేదు నీటిలో ఇది చిక్కబడుతుంది. కచ్ రణ్‌లో ఆ నీటి నుంచే మన దేశపు బ్రోమిన్ తీస్తారు. ధ్రువంలో సముద్రం గడ్డకట్టేటప్పుడు ఉప్పు బయటికి నెట్టబడి మంచు పైకి, దాని మీది హిమంలోకి చేరుతుంది. వెలుతురు పడగానే ఒక బ్రోమిన్ పరమాణువు ఓజోన్‌ను పగలగొట్టి, గాలిలోని రాడికల్ అనే చురుకైన అణుశకలంతో కలిసి హైపోబ్రోమస్ ఆమ్లం అవుతుంది. అది ఉప్పు హిమం మీద వాలి, అక్కడ పడి ఉన్న బ్రోమైడ్‌ను ఒకదాన్ని వెంటేసుకుని బ్రోమిన్ అణువుగా పైకి లేస్తుంది. సూర్యకాంతి దాన్ని చీలిస్తే రెండు పరమాణువులు. ఒకటి వెళ్లి రెండై వచ్చాయి. ఆ రెండూ మళ్లీ వెళతాయి. చక్రవడ్డీ లెక్క. శాస్త్రజ్ఞులు దీన్ని బ్రోమిన్ విస్ఫోటనం అంటారు. శబ్దం ఉండదు గానీ ఆ పేరు తగినదే.

ఓజోన్ పోతే పోయింది, నేల దగ్గర అది ఎలాగూ చెడ్డదే కదా అనుకోవచ్చు. దానితోపాటు పాదరసం ఉంది. గాలిలో ఆవిరిగా ఏడాది వరకూ తిరుగుతూ ప్రపంచమంతా చుట్టే పాదరసాన్ని ఇదే బ్రోమిన్ ఆక్సీకరించి హిమం మీదికి దింపేస్తుంది. ఓజోన్ పడిపోయిన రోజుల్లోనే గాలిలో పాదరసం కూడా పడిపోవడం 1995లో అలర్ట్‌లో చూసి, 1998లో ప్రకటించారు. దిగినదాంట్లో కొంత మళ్లీ ఆవిరైపోతుంది. మిగిలింది కరిగే మంచుతో సముద్రంలోకి పోయి, చేపల్లోకి, సీల్ మాంసంలోకి, దాని మీద బతికే ఇన్యూట్ జనంలోకి చేరుతుంది. ఎక్కడో ఆసియాలో కాల్చిన బొగ్గు పాదరసం, ఎవరూ కలపకుండా సముద్రమే అందించిన బ్రోమిన్.

అయోడిన్ కథ పొట్టిది కానీ ముచ్చటైనది. గాలిలోని ఓజోన్ సముద్రం మీద వాలి అక్కడి అయోడైడ్‌ను తాకితే అయోడిన్ రూపాలు పైకి లేస్తాయి. అవి తిరిగి ఓజోన్‌నే తింటాయి. యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన లూసీ కార్పెంటర్ బృందం 2013లో దీని లెక్క తేల్చింది. మనం బళ్లతో ఓజోన్ పెంచేకొద్దీ సముద్రం అయోడిన్ ఎక్కువ వదులుతోంది. ఆల్ప్స్ పర్వతాల మంచు పొరల్లో అయోడిన్ గత శతాబ్దం మధ్య నుంచి 1990ల నాటికి సుమారు మూడింతలైందని 2018లో తేలింది. హిందూ మహాసముద్రం మీద ఇదే పనిని పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవాళ్లు నౌకలెక్కి కొలుస్తున్నారు. అంటే మా బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌లో మనం పీల్చే గాలికి కూడా ఇందులో భాగముంది.

సముద్రం మీద ఓజోన్‌ను తినే హాలోజనే ఊళ్లోకి వస్తే దాన్ని పుట్టిస్తుంది, విడ్డూరం. రాత్రిపూట పొగగొట్టాల నైట్రోజన్ ఆక్సైడ్లు, క్లోరైడ్ ఉన్న తడి కణం మీద చేరి నైట్రిల్ క్లోరైడ్ అనే వాయువుగా మారతాయి. చీకట్లో అది కూర్చునే ఉంటుంది. తెల్లారి ఎండ తగిలిందంటే విడిపోయి క్లోరిన్ పరమాణువును వదులుతుంది. ఆ పరమాణువు పెట్రోలు ఆవిర్ల మీద పడి, ఎండలో ఓజోన్ తయారీని తొందరపెడుతుంది. అమెరికాలో హ్యూస్టన్ తీరంలో దీన్ని మొదట గట్టిగా కొలిచిన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. తీరంలోనే జరుగుతుందిలే అనుకుంటుండగా 2010లో సముద్రానికి 1,400 కిలోమీటర్ల దూరంలో, కొలరాడోలోని బౌల్డర్‌లో కూడా దొరికినట్టు వెల్లడైంది. ఉప్పుగాలి అవసరం లేదు, క్లోరైడ్ ఎక్కడిదైనా ఒకటే.

మరి క్లోరైడ్ కుప్పలుగా ఉన్న ఢిల్లీలో? అక్కడ ఇది దంచికొట్టాలి. 2023లో వెలువడ్డ ఒక పరిశోధన తద్విరుద్ధంగా చెప్పింది. చలికాలం రాత్రుల్లో బళ్లు వదిలే నైట్రిక్ ఆక్సైడ్ నేల దగ్గర ఎంతగా పేరుకుంటుందంటే, ఈ చర్య మొదలు కావడానికి కావలసిన ఓజోన్‌నే అది మింగేస్తోంది. ఒక కాలుష్యం ఇంకో కాలుష్యం గొంతు పట్టుకుని ఉందన్నమాట. దీనిలో ఒక హెచ్చరిక ఉంది. రేపు బళ్ల పొగ తగ్గించి, చెత్త మంటలను అలాగే వదిలేస్తే, ఇప్పుడు అణిగి ఉన్న క్లోరిన్ లేచి కూర్చోవచ్చు. ఒకదాని వెంట ఒకటిగా శుభ్రం చేద్దామనే మన సర్కారీ పద్ధతి ఇక్కడ పనికిరాదు. రెండూ కలిపి తగ్గించాలి.

మన ఊళ్ల సంగతేమిటని అడుగుతారు. విజయవాడలో, హైదరాబాద్‌లో ఢిల్లీ అంత చలి లేదు కాబట్టి పొగ అంత తెల్లగా గడ్డకట్టదు. జత కట్టని హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగానే ఉంటుంది, ఊపిరిలోకి అలాగే వెళుతుంది. డంపింగ్ యార్డు పక్క కాలనీల్లో గొంతు మంటలకు ఇంకా చాలా కారణాలుంటాయి, ఇది వాటిలో ఒకటి.

ఇక్కడ నాకు అర్థం కానిది, లేదా అర్థమై కోపం తెప్పించేది, ఒకటుంది. 2009లో మన దేశం గాలి ప్రమాణాల జాబితా సవరించింది. అందులో 12 అంశాలు: రెండు రకాల ధూళి, సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఓజోన్, సీసం, కార్బన్ మోనాక్సైడ్, అమ్మోనియా, బెంజీన్, బెంజోపైరీన్, ఆర్సెనిక్, నికెల్. నవాసాగరంలో సగభాగమైన అమ్మోనియా ఉంది. రెండో సగమైన హైడ్రోజన్ క్లోరైడ్ లేదు. కూడళ్లలో ఎర్రంకెలు చూపించే బోర్డులకు క్లోరిన్ అనేది ఒకటుందనే తెలియదు. కొలవనిదాన్ని తగ్గించమని ఎవరిని అడుగుతాం? పెద్ద నగరాల్లోనైనా, చలి నెలల్లోనైనా, ధూళిలో క్లోరైడ్ ఎంతుందో రోజూ కొలిచి ప్రకటించాలి. పనిముట్లు మన ఐఐటీల్లో ఉన్నాయి, మనుషులూ ఉన్నారు.

అది ప్రభుత్వం చేయాల్సింది. మన చేతిలో ఉన్నది చెబుతాను. బహిరంగంగా చెత్త తగలబెట్టడం నేరం. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ మామూలు మంటకు 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా పెట్టింది. మీ వీధి చివర కుప్ప మండుతుంటే ఫొటో తీసి మున్సిపాలిటీకి పంపండి. ఫంక్షన్ అయ్యాక ఫ్లెక్సీని, రిపేరు అయ్యాక వైరు ముక్కలను, పైపు ముక్కలను తడి చెత్తలోనో ఎండుటాకుల్లోనో కలపకుండా విడిగా కట్టి బండివాళ్లకు ఇవ్వండి. చలికాలంలో మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు పది కిలోల కట్టెలో, ఓ మంచి రగ్గో, చిన్న హీటరో ఇప్పించండి.

ఇంకోటి. ఈసారి మీ ఇంట్లో పుట్టినరోజుకు ఫ్లెక్సీ వేయించేముందు గుడ్డ మీద రాసే పెయింటర్ ఎవరైనా ఊళ్లో మిగిలి ఉన్నాడేమో కనుక్కోండి.